సంచి వచ్చింది టీచర్

మా బళ్ళో గంట కొట్టేది గంటమ్మ. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని. పంతొమ్మిదేళ్ళుగా ఆయా పని. గదుల తాళాలు తీయడం, ఊడవడం, తొట్టి నింపడం, ఒకటో తరగతి వాళ్ళ ముక్కులు తుడవడం, మధ్యమధ్యలో నాలాంటి వాళ్ళకి బుద్ధి చెప్పడం. ఈ చివరి పని ఎవరూ అప్పజెప్పలేదు, తనంతట తనే నెత్తిన వేసుకుంది.

నేను నాలుగో తరగతి టీచర్ని. నాకు ముక్కు మీదే కోపం. ఎక్కాలు అప్పజెప్పలేదని ఓ రోజు గొంతు చించుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి, "ఇంత గట్టిగా మీరే అరిస్తే ఇంక గంటెందుకు టీచరమ్మా, నా ఉద్యోగం పోతుంది" అంది. పిల్లలంతా గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది, కానీ నవ్వొచ్చింది కూడా.

గంటమ్మ ఎడమ పక్కకి ఒరిగి నడుస్తుంది. పుట్టుకతో వచ్చింది కాదు. ఐదుగురు తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఒకరి తర్వాత ఒకరిని చంకనేసుకుని పెంచితే నడుం అటే ఉండిపోయింది. తను బడికి వెళ్ళింది మొత్తం నెలా పది రోజులు. "పలక మీద సున్నా చుట్టడం వచ్చిందమ్మా, అంతలో చెల్లెలు పుట్టింది" అని చెప్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

అందుకేనేమో, బెంచీ మీద ఒక్క చోటు ఖాళీగా కనిపిస్తే ఆవిడకి కాలు నిలవదు. మొదటి గంట కొట్టేసి, చేతిగంట పట్టుకుని, బడి వెనక మూడు వీధులూ కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు తిరిగేది. అక్కడ అన్నీ ఒంటిగది ఇళ్ళు. పెద్దవాళ్ళు ఏడింటికల్లా బట్టలు కుట్టే షెడ్లలో పనికి పోతారు. పిల్లల్ని లేపే దిక్కుండదు. గంటమ్మ గుమ్మంలో నిలబడి గంట వాయించేది. లోపలినుంచి, "కడుపునొప్పి" అని మూలుగు వినిపించేది.

"కుడివైపా, ఎడమవైపా?"

"కుడివైపు."

"కుడివైపు నొప్పి బడికొస్తేనే తగ్గుతుంది. లే."

"కాదు కాదు, ఎడమవైపు!"

"అది ఇంకా తొందరగా తగ్గుతుంది. పద."

ఒకసారి ఒక గడుగ్గాయి మంచం కింద దూరి ఎంతకీ బయటికి రాలేదు. గంటమ్మ బతిమాలి బతిమాలి, గోడకున్న వాడి సంచి తీసుకుని వచ్చేసింది. ఇంకేముంది, సగం గుండీలు పెట్టుకుని, లబోదిబోమంటూ వాడు వెనకే పరిగెత్తుకొచ్చాడు. వాడి గోళీలు, అరిగిపోయిన రబ్బరు, ఎవరికీ చూపించని బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి మరి. "వీళ్ళ ప్రాణాలు సంచుల్లో ఉంటాయి టీచరమ్మా" అంది గంటమ్మ. ఏదో రాక్షసుడి రహస్యం కనిపెట్టినంత సంతోషం ఆ మొహంలో.

ఆ రోజు నుంచి మా బళ్ళో అది పద్ధతైపోయింది. పిల్ల రాకపోతే సంచి వచ్చేది. ఎవరి చోట వాళ్ళ సంచి పెట్టి, గంటమ్మ గుమ్మంలో కాపలా నిలబడేది. పదింటిలోగా సంచి కోసం పిల్ల రాకుండా ఉండేది కాదు. నేను హాజరు నంబర్లతో పిలుస్తాను. ఒకటి అంటే "ఉన్నాను టీచర్." రెండు అంటే "ఉన్నాను టీచర్." ఇంకా దారిలో ఉన్నవాళ్ళ నంబరు వస్తే తరగతంతా ఒక్క గొంతుతో, "సంచి వచ్చింది టీచర్!" అని అరిచేది. నేను టిక్కు పెట్టేసేదాన్ని. రాని వాళ్ళకి సున్నా చుట్టడం మా రిజిస్టరు పద్ధతి. రానురాను నా పేజీల్లో సున్నాలు కనబడటం మానేశాయి. ఆ ఏడు హాజరు బాగుందని పై ఆఫీసువాళ్ళు బడికి ఒక షీల్డు ఇచ్చారు. పెద్దసారు దాన్ని తన కుర్చీ వెనక గోడకి తగిలించి, రోజూ రుమాలుతో తుడుస్తారు.

నిజం చెప్పాలి. కొన్ని రోజులు సంచి వచ్చేది, పిల్ల వచ్చేది కాదు. నాకు తెలుసు. అప్పటికే టిక్కు పెట్టేశానుగా అని ఊరుకునేదాన్ని.

పదిహేడో నంబరు పిల్లని అందరూ ఎలక అంటారు. పెన్సిలు చివర కొరికే అలవాటు. ఎన్ని పెన్సిళ్ళిచ్చినా వారం తిరిగేసరికి సగం దాని పళ్ళ కిందే పోతాయి. తొమ్మిదేళ్ళు, చూడ్డానికి ఆరేళ్ళ పిల్లలా ఉంటుంది. కానీ భాగహారాలు నోటితో చేసేస్తుంది. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపు జవాబు వెనక బెంచీనుంచి వచ్చేస్తుంది. "ఎలకా, కాస్త మిగతావాళ్ళని కూడా బతకనీ" అనేదాన్ని. పైకి విసుక్కున్నా, అలాంటి పిల్ల పదేళ్ళకి ఒకత్తి దొరుకుతుందని లోపల పొంగిపోయేదాన్ని.

ఈ ఏడు బళ్ళు తెరిచిన మూడో వారం వాళ్ళ నాయనమ్మ పోయింది. ఇంట్లో ఏడు నెలల తమ్ముడు. తండ్రి ఎక్కడో రోడ్డు పనుల మీద ఉంటాడు, రెండు నెలలకోసారి వస్తాడు. తల్లి కుట్టుషెడ్డులో చొక్కాలకి గుండీలు కుడుతుంది. చంటివాణ్ణి చూసే మనిషి పోయింది కాబట్టి ఆ పని ఎలక మీద పడింది. మొదటి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఐదో రోజు సంచి ఒక్కటే వచ్చింది.

"ఈ ఒక్క రోజుకీ సంచి తీసుకెళ్ళక్కా, రేపు పిల్లని తప్పకుండా పంపిస్తా" అందట తల్లి. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే.

మాకో నియమం ఉంది. వరసగా పది పనిదినాలు రాని పిల్లల పేర్లు పై ఆఫీసుకి పంపాలి. వాళ్ళు మనిషిని పంపి కనుక్కుంటారు, వెతుకుతారు. దొరక్కపోతే పేరు కొట్టేస్తారు. గంటమ్మకి ఈ మొత్తంలో ఆఖరి ముక్కే చెవిలో పడింది.

"పేరు కొట్టేస్తే మళ్ళీ ఎక్కడం కష్టం టీచరమ్మా. సంచి వచ్చిందిగా, టిక్కు పెట్టెయ్యండి. ఎలాగోలా నేను లాక్కొస్తా."

పెట్టాను. నాకూ అదే సులువనిపించింది.

అప్పటినుంచి సంచి రోజూ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేది. నేను ఒక కాగితం మీద ఆ రోజు లెక్కలు రాసి అందులో పెట్టేదాన్ని. మర్నాడు పొద్దున తెరిస్తే లెక్కలన్నీ చేసి ఉండేవి, పక్కనే కొరికిన పెన్సిలు. ఒక్క తప్పుండేది కాదు. పిల్ల ఇంట్లోనే చదువుకుంటోంది, ఇంకేం కావాలి అని నన్ను నేనే బుజ్జగించుకున్నాను. ఒక సాయంత్రం గంటమ్మ సంచి ఇవ్వడానికి వెళ్తే, ఎలక తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉందట.

"గంటమ్మా, ఇవాళ పదిహేడు పిలిచారా?"

"పిలిచారు."

"నేనేమన్నాను?"

"సంచి వచ్చింది టీచర్ అన్నావు."

పిల్ల పకపకా నవ్విందట. ఆ ముక్క నాకు చెప్తూ గంటమ్మ కూడా నవ్వింది, కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎడమ చంకే టీచరమ్మా, నాలాగే" అంది. నేను దిద్దుతున్న పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సంచి ఒక్కటే రావడం మొదలైన రెండో నెల మధ్యలో పై ఆఫీసునుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో ఫైలు, మొహం నిండా చెమట. పెద్దసారు గదిలో నేను కూడా ఉన్నాను, పరీక్ష కాగితాలు లెక్కపెడుతూ. ఆవిడ చెప్పిన మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"రెండు వీధుల అవతల చంటిపిల్లల గది తెరిచామండీ. పొద్దున్నే దింపి సాయంత్రం తీసుకెళ్ళొచ్చు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోడానికి బడి మానేసినవాళ్ళ కోసం ఆరు చోట్లు పెట్టాం. మీ బళ్ళో పది రోజులకి మించి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, షీల్డు వైపు చెయ్యి చూపించారు. "మా బళ్ళోనా? ఒక్కరు కూడా లేరమ్మా."

ఆవిడ నా వంక చూసింది. "నాలుగో తరగతిలో?"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్తే, మరి రిజిస్టరులో టిక్కులేమిటి అంటారు. అప్పటికి ముప్ఫై టిక్కులు. ప్రతిదీ నా చేత్తో పెట్టిందే. ఉద్యోగం గుర్తొచ్చింది, పెద్దసారు మొహం గుర్తొచ్చింది. నేను భయపడ్డాను, అంతే. దానికి ఇంకో పేరు పెట్టను.

"ఎవరూ లేరండీ" అన్నాను.

ఆవిడ ఫైల్లో ఏదో రాసుకుని లేచింది. గంటమ్మ అప్పుడు పెరట్లో తొట్టి కడుగుతోంది. గేటు దాటి వెళ్తున్న ఆవిణ్ణి చూసి, "ఎవరమ్మా ఆవిడ?" అని అడిగింది. ఆఫీసు మనిషి అని చెప్పి లోపలికి వచ్చేశాను.

ఆ తర్వాత మూడు వారాలు గడిచాయి. మొన్న శుక్రవారం పొద్దున పదిహేడో నంబరు సంచి తెరిచాను. ముందురోజు పెట్టిన లెక్కలు చెయ్యలేదు. ఒంట్లో బాగా లేదేమో అనుకుంటూ కాగితం తీస్తే, దాని కింద ఇంకో కాగితం. దాని కింద ఇంకోటి. సోమవారం నుంచి నాలుగు రోజుల లెక్కలు ఒక్కటీ ముట్టుకోకుండా ఉన్నాయి. ఆ వారమంతా పాత కాగితం తీసి చూడకుండానే కొత్తది తోసేశానన్నమాట. నేనెంత శ్రద్ధగా చూస్తున్నానో అప్పుడు తెలిసింది. సోమవారం నేను పెట్టిన కొత్త పెన్సిలు కూడా ఉంది. చివర పంటిగాటు లేదు.

 గంటమ్మని వరండాలోకి పిలిచాను.

"ఎలకని ఎప్పుడు చూశావు?"

గంటమ్మ చేతిలో గంట అటూ ఇటూ తిప్పింది.

"నిన్నే అడుగుతున్నాను, ఎప్పుడు?"

"సోమవారం పొద్దున. సాయంత్రం సంచి ఇద్దామని వెళ్తే తాళం. ఎక్కడికో చుట్టాలింటికి పోయుంటారు, ఒకటి రెండు రోజుల్లో వస్తారనుకున్నా. సంచి నా దగ్గరే ఉందిగా. అది వదిలేసి ఎక్కడికి పోతుంది? పేరు కొట్టేస్తారేమోనని రోజూ తెచ్చి పెడుతున్నా టీచరమ్మా."

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. మూడు తరగతుల పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు.  ఎప్పుడూ ఏదో ఒకటి ఎదురు చెప్పే గంటమ్మ ఆ రోజు గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం ఇద్దరం ఆ ఇంటికి వెళ్ళాం. తాళం అలాగే ఉంది. పక్కింటావిడ బట్టలారేస్తూ చెప్పింది. "సోమవారం మధ్యాహ్నమే లారీలో వెళ్ళిపోయారుగా. షెడ్డు మేస్త్రీ ఎక్కడో దూరాన పెద్ద షెడ్డు పెట్టారని పది కుటుంబాలని ఎక్కించాడు. అక్కడ చంటిపిల్లల్ని పక్కనే పెట్టుకుని కుట్టుకోవచ్చంట. పెద్దదానికి కూడా దారాలు కత్తిరించే పని ఇస్తారంట. పాపం వెళ్ళాలని లేదు ఆ తల్లికి. ఈ చంటివాణ్ణి చూసేవాళ్ళుంటే ఇక్కడే పడి ఉందునమ్మా అని ఏడ్చింది."

"ఏ ఊరో చెప్పిందా?"

"తెలిస్తేగా చెప్పడానికి. ఎక్కించుకున్నవాడికే తెలియాలి."

షెడ్డుకి వెళ్ళాం. గేటు దగ్గర కాపలావాడు లోపలికి రానివ్వలేదు. మేస్త్రీలు వస్తుంటారు పోతుంటారు, మాకేం తెలుస్తుంది అన్నాడు. గంటమ్మ వాడి చేతులు పట్టుకుంది. వాడు విదిలించుకున్నాడు. గేటు సందులోంచి చూస్తే లోపల వరసగా మిషన్లు, నేల నిండా దారం ముక్కలు.

తిరిగి వస్తూ దారిలో చెప్పేశాను. ఆఫీసునుంచి వచ్చినావిడ సంగతి, ఆరు చోట్ల సంగతి, ఎవరూ లేరని నేనన్న మాట. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గంటమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయి నా మొహంలోకి చూసింది.

"రెండు వీధులేనా?"

"రెండు వీధులే."

"చెప్పుంటే వాణ్ణి నేనే ఎత్తుకెళ్ళి దింపేదాన్ని కదా టీచరమ్మా. ఎంతమందిని మొయ్యలేదు, వాడో లెక్కా."



సోమవారం సెలవు పెట్టి పై ఆఫీసుకి వెళ్ళాను. గంటమ్మ నాకంటే ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చుని ఉంది. గుమస్తా కళ్ళజోడు సర్దుకుని నేను తెచ్చిన రిజిస్టరు తిరగేశాడు.

"శుక్రవారం దాకా హాజరే కదండీ. బడికొస్తున్న పిల్లని వెతకమంటే ఎక్కడ వెతుకుతాం?"

నేను నోరు తెరవబోయాను. ఈలోగా గంటమ్మే అందుకుంది. "ఆ పిల్ల బళ్ళోకి అడుగుపెట్టి రెండు నెలలు దాటిందయ్యా. వచ్చింది సంచే. తెచ్చింది నేను."

గుమస్తా నా వంక తిరిగాడు. "అంటే ఇందులో రాసిందంతా తప్పా?"

"తప్పే" అన్నాను. ఎట్టకేలకు నోరు పెగిలింది, కావలసిన రోజు దాటి నెల కావస్తుండగా.

అతను చెడ్డవాడేం కాదు. పెన్ను పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పాడు. తల్లితో వెళ్ళిన పిల్ల తప్పిపోయినట్టు కాదు. వెతికించాలంటే ఎక్కువ రోజులు రానివాళ్ళ జాబితాలో పేరుండాలి. జాబితా రిజిస్టరు చూసే తయారవుతుంది. రిజిస్టరు తప్పని పెద్దసారు సంతకం పెట్టిస్తే ఇవాళే పేరు ఎక్కిస్తాడు. లేదంటే రేపటినుంచి వరసగా పది రోజులు రాలేదని రాయాలి. అప్పుడు పేరు దానంతటదే ఎక్కుతుంది. ఇతర ఊళ్ళ షెడ్లకి కూడా మనుషుల్ని పంపుతారు.

"పది రోజులా? ఈలోగా లారీ ఇంకెక్కడికైనా పోతే?" అంది గంటమ్మ.

అతను రిజిస్టరు మూసి నా వైపు జరిపాడు.

సాయంత్రం పెద్దసారు ముందు కాగితం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టేశారు. "మూడేళ్ళలో రిటైరవుతున్నానమ్మా. నాకు ఇది చూపించలేదనుకో. ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరేగా ఉంది, ఎక్కడో చోట బతుకుతుంది. నువ్వు కూడా ఇప్పుడు సున్నాలు మొదలుపెట్టకు. వెనకటివన్నీ తవ్వుతారు. ఏడాది చివర్లో ఊరు మారిందని రాద్దాం."

ఇవాళ మంగళవారం. రెండో గంట కొట్టాక రిజిస్టరు తెరిచాను. గంటమ్మ ఎప్పటిలా గుమ్మంలో నిలబడి ఉంది. సంచి ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పలేదట, తెచ్చి తరగతి గోడకున్న మేకుకి తగిలించింది. పదహారు దాకా ఎలా పిలిచానో తెలియదు.

"పదిహేడు."

పిల్లలకేం తెలుసు. మేకు వైపు చూసి, అలవాటైన గొంతుతో ఒక్కసారిగా అరిచారు.

"సంచి వచ్చింది టీచర్!"

నా చెయ్యి గడి మీదే ఆగిపోయింది. టిక్కు పెడితే ఉద్యోగం ఉంటుంది, షీల్డు ఉంటుంది, పిల్ల హాజరుగానే ఉంటుంది.  అక్కడే ఎంతసేపు కూర్చున్నానో, ముందు బెంచీ వాళ్ళు మొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

గంటమ్మ లోపలికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళలో హాజరు పిలిచేటప్పుడు ఎప్పుడూ గుమ్మం దాటలేదు. మేకుమీది సంచి తీసి గుండెకి అదుముకుని, నా బల్ల పక్కకి వచ్చి నిలబడింది.

"సున్నా చుట్టండి టీచరమ్మా. ఆ పిల్ల రాలేదు. రాలేదని రాస్తేనే కదా ఎవరైనా వెతుక్కుంటూ పోయేది."

నేను పెన్ను గడి మీద ఆనించాను.

"చుట్టండమ్మా. నాకు చదవడం వచ్చింది అదొక్కటే. సరిగ్గా పడిందో లేదో నేను చూస్తాను."

చుట్టాను. గంటమ్మ వంగి, వేలు పెట్టి చూసి, తల ఊపింది. ఇంకా తొమ్మిది చుట్టాలి.